‘నువ్వు’ అంటే మర్యాద లేనట్లేనా? సీమ మాటతీరు మీద నా పరిశోధన, మీ అనుభవాలు చెప్పండి

అనంత_పరిశోధకురాలు
ఆదివారం, రాత్రి 9:40

నమస్కారం. నాది అనంతపురం. ఇంట్లోనూ పనిచేసే చోటా మనుషులు ఒకర్నొకరు ఏమని పిలుచుకుంటారు, పని ఎట్ల అడుగుతారు, కాదని ఎట్ల చెప్తారు అనేదాని మీద పీహెచ్‌డీ చేస్తున్నా. రెండో సంవత్సరం. బండి ఒకచోట దిగబడింది, అందుకే ఇక్కడికొచ్చినా.

ఈ దారిలో పోయేవాళ్ళంతా మొదట చదివేది రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ 1960లో రాసిన వ్యాసం. ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్ భాషల్లో కూడా మన నువ్వు, మీరు లాంటి జంట ఉంది. ఆ జంటను రెండు తాళ్ళు లాగుతుంటాయని వాళ్ళు చెప్పినారు. ఒకటి అధికారం: పైవాడు నువ్వంటాడు, కిందివాడు మీరనాల. రెండోది చనువు: ఇద్దరూ నువ్వనుకుంటారు, లేదంటే ఇద్దరూ మీరనుకుంటారు. ఈ లెక్క మీద ఇంగ్లిషులో ఉన్న ఒక ప్రశ్నావళిని తెలుగు చేసి, కర్నూల్లో ఒక మార్కెట్లో, ఒక ఆఫీసులో కొంతమందికిచ్చి చూసినా. ‘మీ యజమానితో మాట్లాడేటప్పుడు ఏ మాట వాడతారు?’ ఇట్లాంటివి.

దాదాపు అందరూ ‘మీరు’కి టిక్ పెట్టినారు. అయితే ఒకాయన నా ఎదురుగా కూచొని ‘మీరు’కి టిక్ పెడుతుండగానే వాళ్ళ ఓనరు పక్కనుంచి పోయినాడు. ఈయన తలెత్తి, ‘నువ్వు పదన్నా, నేనొస్తాండా’ అని, మళ్ళీ తలొంచుకొని తర్వాతి ప్రశ్నకు టిక్ పెట్టుకున్నాడు. అబద్ధం చెప్పినట్లు ఆయనకు రవ్వంత కూడా అనిపించలేదు.

మా గైడుకు చెప్తే, ‘కాగితం మీద ఉండేదే డేటా, నీ చెవిన పడింది కాదు’ అన్నారు. నాకు మనసొప్పలేదు. కర్నూలు, కడప, అనంతపురం వాళ్ళు మీ ఇంట్లో, మీ పనిలో నిజంగా ఏం వింటున్నారో రాయండి. ఏమనాలో కాదు, ఏమంటారో.

---

యార్డు_మామ
ఆదివారం, రాత్రి 10:15

మా, నువ్వు రాసిందాంట్లోనే జవాబుండాది. ఆయప్ప ‘నువ్వు’ అన్న్యాడు, నిజమే. దాని ముందర ‘అన్నా’ యాడికి పోయ? నువ్వు నువ్వునే పట్టుకొని అన్నను వదిలేస్తివి.

నేను కర్నూల్లో ఉల్లిగడ్డల మండీ నడుపుతాండా, ముప్పై ఏండ్లాయ. మా కాడికొచ్చే రైతుల్లో మా నాయన వయసోళ్ళుంటారు, నా కొడుకు వయసోళ్ళుంటారు. అందరూ ‘మామా, నువ్వు ధర జూడు’ అనేవాళ్ళే. ఎప్పుడన్నా ఒగ రైతు తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) చేతికి తీసుకొని ‘మీరు ఈ లెక్క ఒకసారి చూపిస్తారా’ అన్న్యాడనుకో, నాకు గుండెలో రాయి పడ్తాది. అంటే తూకంలో అనుమానమొచ్చిందని. లేదంటే వచ్చే పంటకు పక్క మండీకి పోతాడని. మా దగ్గర ‘మీరు’ అనేది మర్యాద గాదు మా, నోటీసు.

---

కౌంటర్_నంబర్_మూడు
ఆదివారం, రాత్రి 10:52

నోటీసు అన్నందుకు నవ్వొచ్చింది గానీ ఇది నాకు నిజంగా జరిగింది. మాది కృష్ణా జిల్లా. బ్యాంకు ఉద్యోగంలో మొదటి పోస్టింగు కర్నూలు జిల్లాలో ఒక పల్లె బ్రాంచి. చేరిన రెండోరోజు ఒక పెద్దాయన పాసుబుక్కు కౌంటర్ మీద పెట్టి, ‘ఏమప్పా, నువ్వు కొత్తగా వచ్చినావా?’ అన్నారు. నాకు చెవులు ఎర్రబడ్డాయి. మా ఊళ్ళో అపరిచితుణ్ణి ఏకవచనంలో పలకరిస్తే గొడవైపోద్ది. మూతి బిగించుకుని పని చేసిచ్చాను. ఆయన వెళ్తూ వెళ్తూ ‘భోంచేసినావా అప్పా? మధ్యాన్నమాయె గదా’ అని అడిగారు. నాకు ఏమనాలో తోచలేదు.

అసలు సంగతి ఆర్నెల్ల తర్వాత అటెండర్ చెప్పాడు. ‘సార్, నువ్వు అండీ అండీ అంటాంటే వాళ్ళు నీతో మాట్లాడేకి భయపడతాండారు. లోన్ ఇయ్యడేమో, అందుకే దూరం పెడతాండాడు అనుకుంటారు.’ నేను మర్యాద అనుకుని వేసింది వాళ్ళకు అడ్డుగోడలా కనబడిందన్నమాట.

బదిలీ అయి వచ్చేసరికి నాకూ ‘అప్పా’ అలవాటైపోయింది. ఇప్పుడు మా ఆవిడ ‘ఎవరినండీ అప్పా అంటున్నారు?’ అని నవ్వుతుంది.

---

బళ్ళారి_బస్సు
ఆదివారం, రాత్రి 11:20

దీనిక్కూడా పీహెచ్‌డీ ఇస్తారా? మా అవ్వకు రెండియ్యచ్చు.

---

అయ్యవారు_రిటైర్డ్
సోమవారం, ఉదయం 6:05

బళ్ళారి బస్సు నాయనా, మీ అవ్వకు ఇయ్యచ్చు, తప్పు లేదు. ఆమెకు తెలిసింది కాగితం మీద పెట్టేవాడు మాత్రం ఇంకొకడు కావాల. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు చేయించింది అదే పని. రైతులు నోటితో అనే మాటలను జిల్లా జిల్లాకూ మనుషులను పంపి ఏరించి, మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం 1962లో తెచ్చినారు. అంతా వ్యవసాయం మాటలే. రెండోది చేనేత మీద. పండితుల ఇండ్లకు పోయి అడిగుంటే ఆ మాటల్లో సగం కూడా దొరికేవి కావు.

అమ్మాయీ, నీ ప్రశ్నావళిలో ఇంకొక కంత ఉంది. నువ్వు ఎదుటి మనిషితో మాట్లాడే మాటనే అడిగినావు. ఎదుట లేని మనిషి గురించి ఏమంటారో చూడు. పుస్తకాల తెలుగులో వాడు, అతను, ఆయన, వారు అని నాలుగు మెట్లు. మన దగ్గర ‘ఆయప్ప’, ‘ఆయమ్మ’ ఉన్నాయి. ఇవి ఏ మెట్టు? ‘వాడు’ కంటే పైన, ‘వారు’ అంత దూరం కాదు. తెలియని మనిషికి కూడా వరస కలిపేసే మాటలు. ఆడవాళ్ళ సంగతి ఇంకా చిత్రం. ‘ఆవు వచ్చింది’, ‘అక్క వచ్చింది’, క్రియ ఒకటే. అక్కకు మర్యాద క్రియలో లేదు, అక్క అనే పిలుపులోనే ఉంది. యూరప్ భాషల నుంచి తెచ్చిన గంటెతో ఈ చారు తీస్తే ముక్కలు పైకి రావు.

కడపలో ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి ఒక్క మాట. సర్కారు కచేరీలో మనుషులు ఎట్ల మాట్లాడుకుంటారని మన ప్రాంతంలో చెవి పెట్టి విన్న తొలివాళ్ళలో సి.పి. బ్రౌన్ ఒకడు. 1820లో కడపకు వచ్చినాడు, కలెక్టరు కింద చిన్న ఉద్యోగి. అర్జీల్లో, తీర్పుల్లో నలిగే రుజువు, నకలు, హాజరు, తకరారు లాంటి పారసీ, అరబ్బీ, ఉర్దూ మాటలు తెలుగులో ఎట్ల కలిసినాయో చెప్పేదానికి విడిగా మిశ్రభాషా నిఘంటువే చేసినాడు. పండితులు చిన్నచూపు చూసిన ఆ కచేరీ తెలుగు లేకుంటే ఒక్క భూమి తగాదా కూడా తెగేది కాదు.

---

సాఫ్ట్‌స్కిల్స్_సార్
సోమవారం, ఉదయం 8:30

మంచి చర్చ. కానీ మీరంతా మాటల దగ్గరే ఆగిపోతున్నారు. నేను ఇంజనీరింగ్ కాలేజీల్లో శిక్షణ ఇస్తుంటాను. శాస్త్రీయంగా నిరూపితమైన విషయం ఏమిటంటే కమ్యూనికేషన్‌లో మాటలు 7 శాతమే. గొంతు 38, బాడీ లాంగ్వేజ్ 55. కాబట్టి నువ్వా మీరా అన్నది ఆ 7 శాతంలో చిన్న ముక్క.

---

గుట్టమీద_గాలి
సోమవారం, ఉదయం 9:02

సార్, ఈ లెక్క చెప్పని శిక్షణా తరగతి ఉండదేమో. అది ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో చేసిన రెండు ప్రయోగాల్లోంచి వచ్చింది. విడివిడి మాటలను రకరకాల గొంతులతో వినిపించి, ఒక దాంట్లో ముఖాల ఫొటోలు కూడా చూపించి, ‘ఈ మనిషికి ఎదుటివాడంటే ఇష్టమా, అయిష్టమా?’ అని అడిగినారు. మాట ఒకటి, మొహం ఒకటి చెప్తుంటే జనం దేన్ని నమ్ముతారు అనేదే అక్కడ ప్రశ్న. ఇష్టాయిష్టాల గురించి మాట్లాడనప్పుడు ఈ లెక్క వర్తించదని ఆయనే చెప్పుకున్నాడు. మీటింగుకూ, పాఠానికీ, మార్కెట్ బేరానికీ దాన్ని అంటగట్టింది తర్వాతివాళ్ళు.

మాట 7 శాతమే అయితే రేపు పరీక్ష హాలు నంబరు నాకు మొహంతో చెప్పండి చూద్దాం.

---

యార్డు_మామ
సోమవారం, ఉదయం 9:30

నూటికి నూరు చేతులతోనే మాట్లాడే చోటు మాకు తెలుసు సారూ. ఎద్దుల సంత. గుడ్డ కింద చెయ్యి పెట్టి, వేళ్ళు పట్టి ధర చెప్పుకుంటారు. పక్కనోనికి తెలీకూడదని. నోరు మాత్రం వానల గురించి మాట్లాడ్తాంటుంది. అయితే ఆ వేళ్ళు గూడా లెక్కే గదా, యా వేలుకెంతో ముందే అనుకున్న్యాక. అది మాటే గానీ ఇంగేంది?

---

బళ్ళారి_బస్సు
సోమవారం, ఉదయం 9:41

సరే, అయ్యవారికి దండం. ఒక ప్రశ్న. ఎదురుపడినోడల్లా ‘బువ్వ తిన్నావా?’ అంటాడు. తినలేదు అంటే పెడతాడా? పెట్టడు. ఇది ఏ శాస్త్రం?

---

గుట్టమీద_గాలి
సోమవారం, ఉదయం 10:10

దానికీ ఒక పేరుంది. మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త 1923లో రాసినాడు: కొన్ని మాటలు సమాచారం కోసం కాదు, మనిషికి మనిషికి ముడి వేయడానికి అని. ‘తిన్నావా’ అలాంటి ముడి. మనోళ్ళు దానికి ఇంకొక జాగ్రత్త కూడా పెట్టినారు. బయటికి పోయేవాణ్ణి ‘ఎక్కడికి’ అని అడగరాదు, శకునం చెడుతుంది. అందుకే ‘ఎంత దూరం?’ అంటారు. దానికి ‘ఇట్లే, దగ్గరికే’ అంటే చాలు. ప్రశ్నలో చోటు లేదు, జవాబులో దూరం లేదు. ఇద్దరికీ తృప్తి.

---

నర్సక్క_కడప
సోమవారం, మధ్యాహ్నం 2:25

డ్యూటీ మధ్యలో రాస్తాండా, తప్పులుంటే మన్నించండి. పనిచేసేచోట మాటతీరు అంటే నాకు ముందు ఓపీ గది గుర్తొస్తాది.

మా జేజి వయసు ఆడమనిషి వచ్చి కూర్చుంటాది. ‘ఏమైంది?’ అని డాక్టరు అడుగుతాడు. ఆమె ‘సంకురాత్రికి మా చిన్నకోడలు పుట్టింటికి పోయినప్పుడు...’ అని మొదలుపెడ్తాది. డాక్టరు ‘అదంతా కాదమ్మా, నొప్పి ఎక్కడ?’ అంటాడు. అయిపోయె. ఆమె ఇంక గమ్మునుంటాది. బయటికొచ్చినాక నాతో చెప్తాది, కోడలు లేక నీళ్ళ బిందె మోసినప్పటి నుంచి ఎడమ చెయ్యి లాగుతాందని. ఎడమ చెయ్యి! నేను మళ్ళీ లోపలికి ఉరకాల.

నర్సింగ్‌లో ఒక మేడమ్ మాకు చెప్పినారు. అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు 1984లో డాక్టర్ల గదుల్లో మాటలు రికార్డు చేసి చూస్తే, రోగి మొదలుపెట్టిన 18 సెకన్లకే సగటున డాక్టరు అడ్డం వస్తాండాడంట. చెప్పాలనుకున్నది పూర్తిగా చెప్పినవాళ్ళు నూటికి 23 మందే. 1999లో ఇంకొకరు చూస్తే 18 కాస్తా 23 సెకన్లయిందంట. పదిహేనేండ్లకు ఐదు సెకన్లు!

ఇంకొకటి నాకు శానా ఇష్టం. హెరిటేజ్ అనే ఆయన, ఆయన జట్టు 2007లో చేసినారు. రోగి వచ్చిన పని చెప్పినాక డాక్టరు ఇంగ్లిషులో ‘ఎనీథింగ్ ఎల్స్?’ అంటే జనం లేదనేస్తారు. అదే ‘సమ్‌థింగ్ ఎల్స్?’ అంటే మనసులో ఉన్నది బయటపెడ్తారు. ఒక్క మాట తేడా. ఆ మాటతో, చెప్పకుండా మిగిలిపోయే బాధలు 78 శాతం తగ్గినాయి. నేను ఉత్సాహంగా మా వార్డులో పెట్టాలని చూసినా. తెలుగులో ఎట్ల చెప్తారు చెప్పండి? రెండూ ‘ఇంకేమైనా ఉందా?’నే! మన భాషలో ఆ తేడా ఆ మాట దగ్గర లేనే లేదు.

ఒక ఏడాది అనీ ఇనీ చూసినాక నాకు దొరికింది ఇది. ‘ఇంకేం లేదు కదా?’ అంటే ఖాయంగా లేదంటారు. ‘ఇంకేమైనా ఉందా?’ అంటే సగంమంది లేదంటారు. ‘ఇంకేముంది చెప్పు పెద్దమ్మా’ అంటే చెప్తారు. అదీ ‘పెద్దమ్మా’ లేకుండా ‘ఇంకేముంది చెప్పండి’ అన్నామంటే, తరిమేసేకి అడుగుతాండారు అనుకొని లేస్తారు. యార్డు మామ చెప్పిందే. బరువంతా ఆ పిలుపు మోస్తాంది.

ఇది పరిశోధన కాదు, నా చెవి లెక్క. నీకు పనికొస్తే తీసుకో తల్లీ.

---

అనంత_పరిశోధకురాలు
సోమవారం, సాయంత్రం 6:48

నర్సక్కా, మీ పోస్టు నాలుగుసార్లు చదివినా. తర్జుమా చేసిన ప్రశ్నావళి మన నేల మీద ఎందుకు మొలవదో నేను రెండేళ్ళుగా చెప్పలేకపోయింది మీరు ‘ఇంకేముంది చెప్పు పెద్దమ్మా’తో చెప్పేసినారు.

(చూడండి, నేను కూడా మీకు ‘మీరు’ అంటున్నా. యూనివర్సిటీ రోగం.)

---

పాతబస్తీ_కర్నూలు
సోమవారం, రాత్రి 8:15

మాది ఉర్దూ ఇల్లు, అదీ దక్కనీ. లక్నో వాళ్ళు వింటే చెవులు మూసుకునే రకం. ఇంట్లో ‘ఆప్’ అనేది చుట్టాల పెళ్ళిళ్ళలో, మైకు ముందర. అమ్మీని ‘తుమే’ అనే అంటాం. ఆమెను ఎప్పుడైనా ‘ఆప్’ అంటే ‘క్యా రే, తబియత్ బరాబర్ నై క్యా?’ అని నుదురు ముట్టుకొని చూస్తుంది.

మా మాటలో ‘నేనొస్తానని చెప్పినాడు’ అనేది ‘మై ఆతూఁ బోల్కే బోల్యా’. ఆ ‘బోల్కే’ అచ్చంగా మన ‘అని’. తెలుగు అచ్చులో ఉర్దూ పోత. గంపర్జ్, విల్సన్ అనేవాళ్ళు 1971లో దీనిలాంటి సంగతే రాసినారు. మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులో కుప్వాడ్ అనే ఊరు. మరాఠీ, కన్నడం, ఉర్దూ, తెలుగు నాలుగూ ఉన్నాయి అక్కడ. వాటిలో మొదటి మూడూ వందల ఏండ్లు కలిసి బతికి, వాక్యం కట్టే తీరు ఒకటైపోయింది, మాటలు మాత్రం ఎవరివి వాళ్ళవి. మాట మారిస్తే చాలు, తర్జుమా అయిపోతుంది. ఎందుకు ఒకే భాష కాలేదంటే, బజారులో అందరికీ అర్థం కావాల, ఇంట్లో మాత్రం నేనెవరో తెలియాల. ఇది చదివితే మా వీధే అనిపించింది.

పిలుపులు మాత్రం మతం చూడవు ఇక్కడ. పక్కింటి ఆయన నాకు చిన్నాయన, వాళ్ళమ్మాయికి మా అబ్బా మామ.

---

చెరువుకట్ట
సోమవారం, రాత్రి 9:55

అందరూ మురిసిపోతాండారు కాబట్టి నేనొకటి చెప్పాల. అన్నా, మామా, పెద్దమ్మా. శానా బాగుండాది. మా ఇంటికి ఈ పిలుపులు రాలేదు.

మా నాయనకు అరవై దాటినాయి. కడప జిల్లాలో పల్లె. బతుకంతా వేరేవాళ్ళ చేలల్లో కూలీ. పెద్దిండ్ల పిల్లోడు, నిండా పదేండ్లు ఉండవు, ‘ఏరా, మా నాయన పిలుస్తాండాడు’ అంటాడు. మా నాయన ‘వస్తాండా సామీ’ అంటాడు. నేను పక్కన నిలబడి విన్న్యా. నువ్వు అనేది సీమలో ప్రేమ అంటే, ఆ ‘ఏరా’ ఏంది? మా నాయన తిరిగి వాణ్ణి ‘ఏరా’ అంటే ఏమైతాది? అది అడిగే ప్రశ్న నీ కాగితంలో ఉందా అక్కా?

నేనిప్పుడు గవర్నమెంటు ఉద్యోగం. అదే ఇంటోళ్ళు నన్ను ‘సార్, మీరు’ అంటారు. మా నాయనను ఇప్పటికీ ‘రా’నే. ఒకే అరుగు మీద, ఒకే నిమిషంలో.

---

గుట్టమీద_గాలి
సోమవారం, రాత్రి 10:30

చెరువుకట్ట అన్నా, ఇది రాసినందుకు థ్యాంక్స్. పొద్దున్నుంచి జోకులేసుకుంటున్న నాకు సిగ్గుగా ఉంది.

---

అనంత_పరిశోధకురాలు
సోమవారం, రాత్రి 11:37

లేదన్నా. ఆ ప్రశ్న నా కాగితంలో లేదు.

ఉండాల్సింది. బ్రౌన్, గిల్మన్ చెప్పిన మొదటి తాడు అదే, ఒకవైపే నడిచే పిలుపు. చదివినా, పరీక్షలో రాసినా, నా ఊళ్ళో చూసి కూడా నా ప్రశ్నల్లో పెట్టలేదు. పెనెలొపీ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ మర్యాద మీద 1978లో రాసి, 1987లో పుస్తకంగా తెచ్చినారు. వాళ్ళ ఉదాహరణల్లో కొన్ని మన పక్కనే, కోయంబత్తూరు వైపు ఒక తమిళ పల్లెలో ఏరినవి. అక్కడ కూడా ఎవరు ఎవర్ని ఏమంటారనేది కులాన్ని బట్టే పోతుంది. వాళ్ళ లెక్కలో మూడు బరువులుంటాయి: ఎదుటివాడికి నా మీద ఎంత పట్టుంది, మా మధ్య ఎంత దూరముంది, నేనడిగే పని ఎంత పెద్దది. మీరు చెప్పిన అరుగు మీద దూరం ఏమీ లేదు, నలభై ఏండ్ల పరిచయం. ఉన్నదంతా పట్టే.

కాబట్టి నేను ‘నువ్వు’ ఎన్నిసార్లొచ్చింది అని లెక్కపెట్టడం మానేస్తున్నా. పిలుపు రెండువైపులా పోతుందా, ఒకవైపే పోతుందా అని చూస్తా. మామా–అల్లుడూ అనుకునేచోట ‘నువ్వు’ ఒకటి. సామీ–ఏరా అనుకునేచోట అదే ‘నువ్వు’ ఇంకొకటి.

కాగితం మీది టిక్కుల సంగతి. జనం అబద్ధం చెప్తారని కాదు. ట్రడ్‌గిల్ అనే భాషాశాస్త్రవేత్త ఇంగ్లండులో నారిచ్ అనే ఊళ్ళో చూసింది 1972లో వచ్చింది. అక్కడి ఆడవాళ్ళు తాము మాట్లాడేదాని కంటే నాజూకుగా మాట్లాడతామని చెప్పుకున్నారు. మగవాళ్ళు తామెంత మోటుగా మాట్లాడతారో దానికంటే ఎక్కువ మోటని చెప్పుకున్నారు. అదే ఏడు బ్లోమ్, గంపర్జ్ నార్వేలో ఒక చిన్న ఊరి గురించి రాసినారు. సెలవులకు ఇంటికొచ్చిన కాలేజీ పిల్లలు ‘మేం మాలో మేం మా యాసే మాట్లాడతాం’ అన్నారు. రికార్డింగు వినిపిస్తే మధ్యలో పట్నం భాష దొర్లుతూనే ఉంది. వాళ్ళకే నమ్మకం కలగలేదు, ఇకమీదట అట్ల మాట్లాడమని మాటిచ్చినారంట. మన నోరు ఏమంటుందో మన చెవికి తెలియదు. అందుకే గైడుకు మళ్ళీ చెప్తా: టిక్కు కూడా ఉండనీ, పక్కన రికార్డింగు కూడా పెడదాం, రెంటి మధ్య సందు ఎంతుందో అదే నా అధ్యాయం.

---

ఎలక్ట్రానిక్‌సిటీలో_సీమోడు
మంగళవారం, ఉదయం 7:50

ఆలస్యంగా వచ్చినా. రికార్డింగు అంటాండావు కాబట్టి ఒకటి: మాటలే కాదు, ‘ఊ’లు కూడా లెక్కపెట్టు.

నేను బెంగళూర్లో సాఫ్ట్‌వేర్. అమెరికా క్లయింటుతో కాల్. ఆయన చెప్తాంటే నేను మా నాయన కథకు ఊ కొట్టినట్లు ‘ఆ... ఊ... ఎస్... ఎస్’ అంటా కూచున్నా. వారం తర్వాత మెయిలు: ‘మీరు ఒప్పుకున్నట్లుగా శుక్రవారానికి...’ నేనెప్పుడు ఒప్పుకుంటి? నా ‘ఎస్’ అంటే వింటాండా అని. ఆయన ‘ఎస్’ అంటే సరే అని. మేనేజరు నన్ను గదిలోకి పిలిచి తలుపేసినాడు, అదింక వద్దులే.

ఇట్లాంటి ‘ఊ’కు యింగ్వే అనే ఆయన 1970లో ఇంగ్లిషులో బ్యాక్‌చానెల్ అని పేరు పెట్టినాడంట. ‘ఊ కొట్టడం’ అని మనకు ఎప్పట్నుంచో ఉండాది. ఇప్పుడు మీటింగుల్లో అందరం మ్యూట్‌లో ఉంటాం. ఊ కొట్టేవాడు లేడు. మాట్లాడేవాడు ప్రతి రెండు నిమిషాలకు ‘వినబడుతోందా?’ అంటాడు, పాపం.

ఇంకోటి. మాటకూ మాటకూ మధ్య సందు గురించి స్టీవర్స్ అనే ఆమె, తోటివాళ్ళు 2009లో పది భాషల్లో కొలిచినారు. ప్రశ్నకు జవాబు సగటున సెకనులో ఐదో వంతులో వచ్చేస్తాది. జపనీస్ వాళ్ళు అందరికంటే తొందర, డేనిష్ వాళ్ళు అందరికంటే నిదానం, అయినా తేడా అర సెకను లోపే. ఆ పదిలో తెలుగు లేదు. మనది కొలువక్కా. మా ఇంట్లో అయితే జవాబు ప్రశ్న కంటే ముందే వస్తాది.

---

నిర్వాహకులు
మంగళవారం, ఉదయం 10:00

చిన్న మనవి. మీ ఇంటివాళ్ళ, తోటి ఉద్యోగుల మాటలు రికార్డు చేసి ఇక్కడ పెట్టకండి. పరిశోధకురాలు కూడా ఇక్కడి రాతలను వాడుకోవాలంటే రాసినవాళ్ళను అడిగి వాడుకోవాలి.

---

అనంత_పరిశోధకురాలు
మంగళవారం, ఉదయం 10:20

తప్పకుండా. రికార్డింగులన్నీ అనుమతి తీసుకొనే. ముందే చెప్తే జనం సర్దుకొని మాట్లాడతారనే ఇబ్బంది ఉంది. ఎవరూ చూడనప్పుడు ఎట్ల మాట్లాడతారో తెలుసుకోవాలంటే చూడక తప్పదు గదా, లేబొవ్ అనే భాషాశాస్త్రవేత్త దాన్ని ‘చూసేవాడి చిక్కు’ అన్నాడు. ఫోన్ బల్ల మీద పెట్టి గంటసేపు గమ్మునుంటే మొదటి పది నిమిషాలు అందరూ రేడియో తెలుగే మాట్లాడతారు. తర్వాత ఎవరో ఉగ్గాని తెస్తారు. అక్కడి నుంచి అసలు భాష మొదలు.

---

యార్డు_మామ
బుధవారం, రాత్రి 9:12

రెండు దినాలు రాయలేదు. చెరువుకట్ట రాసింది సోమవారం రాత్రే చూసినా.

నిన్న పొద్దున యార్డులో నా నోరు నేనే విన్న్యా. రైతులొస్తే అప్పా, మామా, అల్లుడూ. బస్తాలు మోసే హమాలీలొస్తే ‘రేయ్, ఇటేసుకోరా’. అందులో ఒకడు నాకంటే పెద్దోడు, ఇరవై ఏండ్లుగా మా మండీలోనే మోస్తాండాడు. వాడు నన్ను ‘సామీ’ అంటాడు. నేను వాణ్ణి రా అంటా. ఇన్నేండ్లు నాకు ఇనపడలేదు. మొదట్లో రాస్తిని గదా, అందరూ మామా అనేవాళ్ళేనని. ఆ అందర్లో ఈయన లేడు.

ఈ పొద్దు తూకం అయినాక టీ తెప్పించి పక్కన కూచోమంటి. కూచోలేదు. నిలబడే తాగినాడు. ‘నువ్వు నన్ను ఏమని పిలవాలనుకుంటావు?’ అంటి. నవ్వి, ‘ఈ వయసులో నాకెందుకు సామీ పరీచ్చలు’ అన్న్యాడు. గ్లాసు కడిగి పెట్టి పోయినాడు.

---

అనంత_పరిశోధకురాలు
బుధవారం, రాత్రి 9:50

మామా, ఇది నా థీసిస్‌లో రాసుకోవచ్చునా? పేర్లు ఏవీ రాకుండా.

---

యార్డు_మామ
బుధవారం, రాత్రి 9:58

రాసుకో మా. నన్నడిగితే సరిపోదు గదా. ఆయప్పను గూడా అడుగుతా. రేపు సెలవు, ఎల్లుండి వస్తాడు.